వెనక సీటు కబుర్లు: స్పెయిన్, పోర్చుగల్ బైక్ మీద ఇద్దరూ వెళ్లాలంటే

పోయిన సంచికలో నేనూ మావారూ బైక్ మీద స్పెయిన్, పోర్చుగల్ తిరిగొచ్చిన సంగతి నాలుగు ముక్కలు రాశా కదా, దానికి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. మాకిది రెండో ట్రిప్. మొదటిసారి మేముండే ఇంగ్లాండ్ నుంచి సొంత బండి ఓడలో వేసుకుని వెళ్లాం, రెండోసారి విమానంలో దక్షిణ స్పెయిన్‌లోని మాలగా అనే ఊరికి వెళ్లి అక్కడ అద్దె బండి తీసుకున్నాం. రెండుసార్లూ నడిపింది ఆయనే, నేను వెనక కూర్చున్నా. కాబట్టి ఇంజిన్ సీసీల గురించి నన్ను అడక్కండి, వెనక కూర్చునే మనిషి సంగతి మాత్రం ఎంతసేపైనా చెప్తా.

ప్రశ్న: మావారు రోజుకి 400 కిలోమీటర్ల లెక్కన ప్లాన్ వేసేశారు. 12 రోజుల్లో బార్సిలోనా, మాడ్రిడ్, సెవిల్, లిస్బన్, పోర్టో అన్నీ చుట్టేయాలంట. నాకు నడుం నొప్పి ఉంది. చెప్తే రోడ్లు బాగుంటాయిలే అంటున్నారు. తట్టుకోగలనా అక్కా? (ఒక సోదరి, విశాఖపట్నం)

జవాబు: తట్టుకోలేవమ్మా. ఏ నొప్పీ లేని నా వల్లే కాలేదు. మొదటి ట్రిప్‌లో రెండో రోజే మావారు 380 కిలోమీటర్లు పెట్టారు, అందులో సగం కొండదారి. పోతెస్ అనే ఊరి నుంచి సాన్ గ్లోరియో కనుమ ఎక్కాం, 1609 మీటర్ల ఎత్తు, మలుపు తర్వాత మలుపు, అవతలికి దిగితే రియాన్యో ఊరు. అక్కడ బండి ఆపాక దిగుదామంటే కాలు లేవలేదు. మోకాళ్లు బిగుసుకుపోయాయి, ఏడుపొచ్చేసింది. ఎదురుగా పెద్ద జలాశయం, చుట్టూ సున్నపురాయి కొండలు, ఎంత అందమో, కానీ ఆ క్షణంలో నాకు ఏదీ కనిపించలా. ఇంక ఆ రోజు ముందుకి వెళ్లకుండా అక్కడే ఆగిపోయాం. సాయంత్రం నెమ్మదిగా నడుస్తుంటే హోటలావిడ చెప్పింది, పాత రియాన్యో ఊరు ఆ నీళ్ల కిందే ఉందంట, 1987లో ఇళ్లు కూలగొట్టి డ్యామ్ నింపేశారు, ఇప్పుడున్నది పైన కొత్తగా కట్టిన ఊరు. శ్రీశైలం ముంపు ఊళ్ల కథలు విని పెరిగిన మనిషిని, ఆ నీళ్ల వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయా. 380 పూర్తి చేసుంటే ఆ ఊరు మాకు ఫొటోలో కూడా మిగిలేది కాదు.

నడిపేవాళ్లకి మలుపు ముందే కనిపిస్తుంది, ఒళ్లు దానికి తగ్గట్టు ముందే సర్దుకుంటుంది, చేతుల్లో హ్యాండిల్ ఉంటుంది. వెనకున్న మనకి ఎదురుగా హెల్మెట్ తప్ప ఏం కనబడదు, బ్రేక్ వేసిన ప్రతిసారీ తొడలతో, నడుంతో ఆపుకోవాలి. రోజంతా అదే పని. ఆ కండరాలకి రోడ్డు బాగుందా లేదా అనేది తేడా రాదు, మలుపులు ఎన్ని అనేదే లెక్క.

అందుకని కొండదారుల్లో రోజుకి 200, మహా అయితే 250, ప్రతి మూడోరోజు బండి ముట్టుకోకూడదు. గంటకోసారి దిగి పది నిమిషాలు నడవాలి. వెనక టాప్ బాక్స్‌కి (సామాను పెట్టెకి) వీపు ఆనించుకునే మెత్త ఉన్న బండి తీసుకోండి, అది లేకుండా బయల్దేరొద్దు. ఇద్దరూ పైగా సామాను అంటే వెనక సస్పెన్షన్ ప్రీలోడ్ (అంటే స్ప్రింగ్ బిగువు) పెంచాలి, టైర్లలో గాలి కూడా కంపెనీ ఇద్దరికి ఎంత చెప్పిందో అంత ఉండాలి, చాలామంది ఒక్కళ్లు నడిపే సెట్టింగ్‌తోనే వెళ్లిపోయి రోజంతా గతుకులన్నీ వెనకవాళ్ల వెన్నుకి పంపిస్తుంటారు. హెల్మెట్లలో ఇంటర్‌కామ్ పెట్టించుకోండి, "కుడి మలుపు వస్తోంది" అని ఆయన ఒక్క మాట అంటే చాలు, నీ ఒళ్లు ముందే సిద్ధపడుతుంది.

మీవారికి ఈ పేజీ చూపించు. బార్సిలోనా తీసెయ్యమను, అది వేరే ట్రిప్.

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం, నాకు హిమాలయన్ బైక్ ఉంది, లదాఖ్ వెళ్లొచ్చాం. మన లైసెన్స్‌తో అక్కడ బండి అద్దెకిస్తారా? వీసా స్పెయిన్‌దా, పోర్చుగల్‌దా?

జవాబు: ఇస్తారు, కానీ మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. మన ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. ఒరిజినల్ లైసెన్స్ కార్డు కూడా జేబులో ఉండాలి, ఫోన్లో చూపిస్తానంటే అక్కడ కుదరదు. గేర్ ఉన్న మోటార్‌సైకిల్ అని అందులో ఉందో లేదో చూసుకోండి, కొంతమందికి కారుది మాత్రమే ఉంటుంది. అద్దెకిచ్చేవాళ్లు సాధారణంగా వయసు, లైసెన్స్ వచ్చి ఎన్నేళ్లయింది అన్నీ అడుగుతారు, పెద్ద బండికైతే ఇంకా గట్టిగా. డిపాజిట్ కింద క్రెడిట్ కార్డులో మంచి మొత్తమే బ్లాక్ చేస్తారు, డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. స్పెయిన్‌లో తీసుకున్న బండిని పోర్చుగల్‌లోకి తీసుకెళ్తాం అని ముందే చెప్పి ఒప్పందం కాగితం మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

వీసా ఒక్కటే చాలు, రెండూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లోవే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశం దగ్గర అప్లై చేయాలి, రెండింట్లో సమానమైతే ముందు అడుగుపెట్టే దేశం. ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల మెడికల్ కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు మోటార్‌సైకిల్ నడిపితే వర్తిస్తుందా, ఎన్ని సీసీల దాకా, వెనక కూర్చున్నవాళ్లకీ ఉందా అని అడగండి, చాలా పాలసీల్లో చిన్నక్షరాల్లో పెద్ద బైకులు మినహాయించి ఉంటాయి.

హెల్మెట్ మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి, మీ ఇద్దరి తలకీ అలవాటైనది. యూరప్ భద్రతా ప్రమాణం ఈసీఈ గుర్తు ఉన్నదై ఉండాలి, ఒక్క ఐఎస్ఐ సరిపోదు. లదాఖ్ వెళ్లొచ్చారంటే ఓపికకి లోటు లేదు, కానీ అక్కడి వేగం వేరు, కొండదారిలో కూడా 90 దాకా వెళ్లొచ్చు, బండి బరువూ ఎక్కువ. మొదటి రెండు రోజులు చేతులు కుదురుకునేదాకా చిన్న దూరాలే పెట్టుకోండి.

ప్రశ్న: మేం మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నాం, సొంత బండి ఉంది, రెండు వారాల సెలవు. ఓడలో వెళ్లి ఎక్కడెక్కడ తిరగొచ్చో రూట్ చెప్పండి ప్లీజ్.

జవాబు: ముందు ఒకటి, మీవి ఇంకా ఇండియా పాస్‌పోర్టులే అయితే యూకేలో ఎన్నేళ్లుగా ఉంటున్నా షెంగెన్ వీసా కావాలి. ఓడ టికెట్ కొనేసి తర్వాత వీసా డేట్ దొరక్క ఇబ్బంది పడ్డవాళ్లు మాకు తెలుసు.

పోర్ట్స్‌మత్ నుంచో ప్లిమత్ నుంచో ఉత్తర స్పెయిన్‌లోని సాంటాండేర్‌కి ఓడ. ప్లిమత్ నుంచైతే దాదాపు ఒక రోజు ప్రయాణం, పోర్ట్స్‌మత్ నుంచి ఇంకొంచెం ఎక్కువ. బండిని కింద డెక్‌లో స్ట్రాప్‌లతో కట్టేస్తారు, ఓడ కదిలాక కిందికి వెళ్లనివ్వరు, కాబట్టి రాత్రి బట్టలూ మందులూ వేరే చిన్న సంచిలో పైకి తెచ్చుకోండి. బిస్కే అఖాతంలో అలలు ఒక్కోసారి గట్టిగా ఉంటాయి, వాంతులయ్యే అలవాటుంటే మాత్ర ముందే వేసుకోవాలి. పొద్దున్నే డెక్ మీదకి రండి, డాల్ఫిన్లు ఓడతో పాటు వస్తాయి, అదృష్టం ఉంటే తిమింగలాలు కూడా.

రెండు వారాలే కాబట్టి దక్షిణం జోలికి వెళ్లకండి. సాంటాండేర్ నుంచి మొదటి రోజు పోతెస్ వరకే, 115 కిలోమీటర్లు. అందులో ఎర్మీదా లోయ ఉంది, పక్కన నది, రెండువైపులా ఆకాశం సన్నని గీతలా కనిపించేంత ఎత్తు రాతిగోడలు. పోతెస్‌లో రెండు రాత్రులుండి ఫ్వెంతె దే కేబుల్ కార్ ఎక్కండి, నాలుగు నిమిషాల్లో 750 మీటర్లు పైకి తీసుకెళ్తుంది. తర్వాత సాన్ గ్లోరియో మీదుగా రియాన్యో, లియోన్. లియోన్ కెథెడ్రల్‌లో రంగు అద్దాలు సాయంత్రం ఎండలో చూడాలి. అక్కణ్నుంచి పోర్చుగల్‌లోకి బ్రగాన్సా, గడియారం ఒక గంట వెనక్కి, ఇంకో గంట పడుకోవచ్చు.

ఆ తర్వాత పోర్చుగల్‌లోనే డోరు నది లోయ. ఇక్కడ మూడు రాత్రులుండమంటా, మేమున్నాం. ఎన్-222 రోడ్డు పినియావ్ నుంచి పెజు ద రెగ్వా దాకా 27 కిలోమీటర్లు, ఒకవైపు నది, ఇంకోవైపు కొండ అంతా మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. బైక్ వాళ్లంతా ఈ ముక్క కోసమే వస్తారు, నిజానికి అరగంటలో అయిపోతుంది. మేం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లాం. పొద్దున నది మీద మంచు, సాయంత్రం కొండంతా రాగి రంగు. సెప్టెంబర్ చివర్లో ద్రాక్ష కోతలు, ట్రాక్టర్లు బుట్టలతో ఎదురొస్తాయి, రోడ్డంతా పులిసిన ద్రాక్ష వాసన, ఆ వాసన కారులో వెళ్లేవాళ్లకి తెలీదు. పినియావ్ రైల్వే స్టేషన్‌లో దిగి గోడల మీద నీలం పలకలు చూడండి, తోటల్లో పనిచేసే ఆడవాళ్లూ, పడవలూ, బుట్టలూ అన్నీ బొమ్మలు గీసి ఉంటాయి. పోర్ట్ వైన్ రుచి చూడాలనుకుంటే బండి హోటల్లో పెట్టాకే.

అక్కణ్నుంచి పోర్టో. ఊళ్లోకి వెళ్లేటప్పుడు జాగ్రత్త, నున్నటి రాళ్లు పరిచిన ఏటవాలు వీధులు, వాన పడితే జారుతుంది, ట్రామ్ పట్టాలు అడ్డంగా దాటాలి గానీ పట్టా వెంబడి వెళ్లకూడదు. మేమైతే బండి ఊరి బయట పెట్టి రెండు రోజులూ నడిచాం. తిరుగుదారి మళ్లీ స్పెయిన్‌లోకి సాంటియాగో, తర్వాత ఉత్తరాన ఉన్న అస్తూరియస్ ప్రాంతం సముద్రతీరం పట్టుకుని సాంటాండేర్. మొత్తం 1,500 చిల్లర కిలోమీటర్లు. తక్కువ అనిపిస్తుంది, వెనక కూర్చునే మనిషిని అడగండి, సరిపోతుంది అంటుంది.

ప్రశ్న: జూలైలో పిల్లకి సెలవులు, అమ్మావాళ్లు చూసుకుంటారు. అప్పుడు సెవిల్ వైపు వెళ్లొచ్చా?

జవాబు: వద్దు. జూలై, ఆగస్టులో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే, సెవిల్ పక్కన ఎసిహా అనే ఊరిని ఆండలూసియా బాణలి అని పిలుచుకుంటారు, మన రెంటచింతల లాగా అన్నమాట. ఆ ఎండలో జాకెట్, గ్లోవ్స్, బూట్లు వేసుకుని వెనక కూర్చోలేరు, తీసేసి కూర్చోకూడదు. జూలై తప్పదంటే పైన చెప్పిన ఉత్తరం రూట్, అందులోనూ డోరు లోయ మధ్యాహ్నం మండిపోతుంది, పొద్దున్నే తిరగండి. దక్షిణానికి ఏప్రిల్, మే, అక్టోబర్ మంచివి.

ప్రశ్న: మేం గుడ్డు కూడా తినం. అక్కడ ఆకలితో తిరగాల్సిందేనా? (తెనాలి నుంచి ఒక దంపతులు)

జవాబు: ఆకలితో ఉండరు గానీ, అడిగి తినాలి. "నో కోమో కార్నె, నీ పెస్కాదో, నీ వేవోస్" అంటే మాంసం, చేప, గుడ్లు తినను అని, స్పెయిన్‌లో ఇది కంఠస్థం చేసేయండి. వెజిటేరియన్ అంటే చాలదు, సలాడ్ మీద ట్యూనా చేప వేసి తెస్తారు, పోర్చుగల్ కాల్దో వెర్ద్ సూప్‌లో సాసేజ్ ముక్క తేలుతుంటుంది. తోర్తియా అంటే బంగాళాదుంప ఆమ్లెట్, పాస్తెల్ ద నాతా అనే పోర్చుగల్ స్వీట్‌లో గుడ్డు సొన, రెండూ మీకు కుదరవు.

తినగలిగేవి చెప్తా. టమాటా రుద్దిన బ్రెడ్ మీద ఆలివ్ నూనె. పద్రోన్ మిరపకాయలు, నూనెలో వేయించి పైన కళ్లుప్పు, ఎక్కువ చప్పన, ఎక్కడో ఒకటి ఘాటుగా తగుల్తుంది. మిరపకాయని మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లే కదా, ఆ గడ్డ మీద మిరపకాయ తింటుంటే నాకు గుంటూరు గుర్తొచ్చింది. సెవిల్‌లో ఎస్పినాకస్ కోన్ గర్బాన్సోస్ అని జీలకర్ర వేసిన పాలకూర శనగలు దొరుకుతాయి, మనింటి కూరే అనిపిస్తుంది. అస్తూరియస్‌లో అర్రోస్ కోన్ లేచె, అచ్చం మన పరమాన్నం, పైన దాల్చినచెక్క.

భోజనం వేళలు గుర్తుపెట్టుకోండి, స్పెయిన్‌లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, రాత్రి చాలాచోట్ల ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా వంటగది తెరవరు. పోర్చుగల్‌లో కూర్చోగానే బ్రెడ్డూ ఆలివ్‌లూ తెచ్చి పెడతారు, ముట్టుకుంటే బిల్లులో పడుతుంది, వద్దంటే తీసుకెళ్లిపోతారు. కందిపొడి, కరివేపాకు పొడి పట్టుకెళ్లండి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, యూరప్ బయటినుంచి పాల పదార్థాలు తీసుకురానివ్వరు.

ప్రశ్న: పెట్రోల్, టోల్ గురించి జాగ్రత్తలు?

జవాబు: గసోలియో, గజోలియు అని రాసుంటే అది డీజిల్. పెట్రోల్‌ని గసోలీనా అంటారు, 95 అని ఉన్నది కొట్టించుకోండి. అలసటలో పొరపాటు పడేది ఇక్కడే. పోర్చుగల్‌లో కొన్ని మోటార్‌వేల మీద టోల్ గేటే ఉండదు, కెమెరా నంబర్ ప్లేట్ చదివేస్తుంది, అద్దె బండైతే ఎలా కట్టాలో ముందే అడగండి. మేం జాతీయ రహదారులే పట్టుకున్నాం, టోల్ లేదు, ఊళ్లన్నీ కనిపిస్తాయి.

ప్రశ్న: మా కొడుకు, కోడలు అక్టోబర్‌లో ఇట్లనే పోతున్నారు. అక్కడ కుడిపక్క నడపాలంట కదా బిడ్డా, నాకు రాత్రి నిద్ర పడ్తలేదు. (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: అమ్మా, మీ భయం నాకు అర్థమైంది, మా అమ్మ కూడా ఇలాగే పడింది. నిజంగా జాగ్రత్త పడాల్సిన సమయం ట్రాఫిక్‌లో కాదమ్మా, ముందు బండి ఉంటే దాని వెనకే వెళ్తాం. పొద్దున్నే హోటల్ నుంచి బయటికొచ్చేటప్పుడు, పెట్రోల్ బంక్ నుంచి ఖాళీ రోడ్డెక్కేటప్పుడు, అప్పుడే చెయ్యి అలవాటుకొద్దీ ఎడమకి తిరుగుతుంది. అందుకని కోడలికి ఒక పని చెప్పండి, బండి కదిలిన ప్రతిసారీ "కుడి" అని పైకి అనమనండి. మేమలాగే చేశాం, రోజుకి పదిసార్లు, చివరి రోజు కూడా మానలేదు. రౌండబౌట్‌లో ఎడమనుంచి వచ్చేవాళ్లకి దారివ్వాలి, అది కూడా తనే గుర్తు చేయాలి. చీకటి పడకముందే గదికి చేరిపోమనండి. ఏదైనా అయితే రెండు దేశాల్లోనూ 112కి ఫోన్ చేస్తే సాయం వస్తుంది.

రాత్రి మెసేజ్ గురించి కూడా చెప్తా, మేం మొదటిసారి ఈ లెక్క చెప్పకుండా వెళ్లి అమ్మని ఏడిపించాం. వాళ్లు సాయంత్రం ఏడింటికి గది చేరి మెసేజ్ పెడితే స్పెయిన్‌లోనైతే మీకు రాత్రి పదిన్నర, పోర్చుగల్‌లోనైతే పదకొండున్నర. ఎనిమిదింటినుంచే ఫోన్ పట్టుకుని కూర్చోకండి, అప్పటికి వాళ్లింకా ఎక్కడో టీ దగ్గర ఆగి ఉంటారు.