ప్రొమోతోరా వెనకాల నడువు: మెక్‌ఆలెన్ వెళ్తున్న మా అక్క కూతురికి

అమ్మడూ,

టెక్సస్‌లో మెక్సికో సరిహద్దు దగ్గరున్న మెక్‌ఆలెన్‌లో ఉద్యోగం వచ్చిందన్న నీ మెసేజ్ చూసి ఎంత సంతోషమేసిందో! ఊబకాయం రాకుండా చూసే ప్రోగ్రాం, ప్రొమోతోరాలతో కలిసి పని, ఏమైనా చెప్పు పిన్నీ అన్నావు. ఆ రియో గ్రాండే లోయలో 18 ఏళ్ళు డైటీషియన్‌గా తిరిగినదాన్ని. నాకు తెలిసింది రాస్తున్నాను.

ప్రొమోతోరా అంటే మన ఊళ్ళో ఆశా కార్యకర్త లాంటిదే. అదే వీధిలో ఉంటుంది, అదే చర్చికి వెళ్తుంది, ఎవరింట్లో ఎవరికి షుగరుందో ఆవిడకి తెలుసు. టెక్సస్‌లో 160 గంటల శిక్షణతో సర్టిఫికెట్ ఇస్తారు. కానీ ఆవిడ ముఖం చూసి తలుపు తీస్తున్నారంటే అది ఆ సర్టిఫికెట్ వల్ల కాదు. దాన్ని అక్కడివాళ్ళు స్పానిష్‌లో కోన్ఫియాంసా అంటారు, నమ్మకమూ చనువూ కలిసిన మాట. నీకింకా అది లేదు. కాబట్టి మొదటి రెండు నెలలూ ఆవిడ సంచీ మోసుకుంటూ వెనకాల నడువు, చాలు.

లెక్కలు నువ్వు చదువుకున్నవే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సిడిసి 2017–18 సర్వేలో దేశం మొత్తమ్మీద పెద్దవాళ్ళలో 42.4 శాతం మందికి ఊబకాయం ఉంటే, హిస్పానిక్, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న, పెద్దవాళ్ళలో 44.8. పిల్లల్లో తేడా ఇంకా ఎక్కువ: 19.3కి 25.6. ఆ కాగితం ఆఫీసులోనే వదిలేసి వెళ్ళు. అక్కడ 'గోర్దితా' అంటే లావుపాటిది అనే అర్థం, కానీ ముద్దుపేరు. మనవాళ్ళు పిల్లని చూసి 'బొద్దుగా ఎంత ముద్దుగా ఉందో' అంటారే, అలాగ. ఆ పిల్లకి జబ్బు అంటగట్టేలా మాట్లాడావంటే, ఇక ఆ ఇంటి గడప తొక్కలేవు.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. వచ్చిన కొత్తల్లో ఒక ముసలావిడకి షుగర్ చార్టు చూపించి, తోర్తియాలు, అంటే వాళ్ళు రోజూ తినే పల్చటి రొట్టెలు, మానెయ్యమన్నాను. ఆవిడ నవ్వుతూ 'సీ, సీ' (అవునవును) అని తలూపింది. నాకు కాఫీ కూడా ఇచ్చింది. బయటికొచ్చాక ప్రొమోతోరా కారు తలుపు వేసుకుని, 'మీ ఇంట్లో అన్నం మానెయ్యమంటే మీ అమ్మ మానేస్తుందా?' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తర్వాతి వారం ప్రొమోతోరా ఒక్కతే వెళ్ళింది. తోర్తియాల మాటే ఎత్తలేదు. ముసలావిడ పక్కన కూర్చుని నోపాలెస్ ముళ్ళు గీకింది. అవేంటనుకున్నావు, మన చేలగట్ల మీద నాగజెముడు మట్టలే. సన్నగా తరిగి, ఉల్లిపాయా టమాటా వేసి వేయించారు. వేగుతుంటే బెండకాయలాగా జిగురు వదిలింది. కూర కంచంలో సగం నిండేసరికి తోర్తియాలు ఐదు నుంచి మూడుకొచ్చాయి. మానమని ఎవ్వరూ అనలేదు.

మొదటి మాట తిండి గురించి కాదు, గ్లాసు గురించి ఎత్తు. ప్రొమోతోరా ఎవరింట్లోనో పదిమందిని కూర్చోబెట్టి పెట్టే సమావేశాన్ని ప్లాతికా అంటారు. అక్కడ 20 ఔన్సుల కోకా కోలా సీసా టేబుల్ మీద పెట్టి, పిల్లల చేత చెంచాలతో పంచదార లెక్కపెట్టిస్తుంది. ఊనో, దోస్, త్రేస్ అంటూ పదహారు దాకా వెళ్తారు. ఆ సీసాలో 65 గ్రాములుంటుంది మరి. పదో చెంచా దాకా నవ్వులు, తర్వాత సద్దుమణుగుతుంది. కానీ అక్కడే ఆగితే మోసం. కొన్ని కొలోనియాల్లో, అంటే సరైన వసతుల్లేని సరిహద్దు కాలనీల్లో, కుళాయి నీళ్ళు తాగడానికి జనానికి ధైర్యం చాలదు. వీధి చివర గాలిమర ఆకారంలో ఉండే బూత్‌లో డబ్బులేసి నీళ్ళు పట్టుకుంటారు. కూల్‌డ్రింక్ మానమనే ముందు ఇంట్లో తాగే నీళ్ళెక్కడివో అడిగి తెలుసుకో. హమైకా అని ఎర్రటి పానీయం చేస్తారు, పంచదార దండిగా వేసి. నెలనెలా కాస్తకాస్త తగ్గిస్తే నాలిక అలవాటు పడిపోతుంది. అన్నట్టు, ఆ ఎర్ర రేకులు గోంగూర కాయలవే! ఈ సంగతి నువ్వు చెప్పి చూడు, ఆకుతో పచ్చడి చేస్తామంటే వాళ్ళు నమ్మరు. ఆ పూట నీకు కాస్త చనువు దొరుకుతుంది.

నడక గురించి పెద్దగా చెప్పను. జులైలో పగలు నడవమనడం పాపం. కాలిబాటలూ వీధిదీపాలూ లేని చోట రాత్రి నడవమనలేం. చర్చి హాల్లో జుంబా, అదే పాటలకి డాన్సు చేసే వ్యాయామం, పెట్టిన చోటే జనం నిలిచారు. పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టడం మాత్రం మరవకు.

పుట్టిన దేశం, కాగితాలు, అసలుపేరు, ఇవి అడగకు. ఫారంలో ఆ గడి ఉంటే తీసేయించడానికి పై వాళ్ళతో పోట్లాడు. ఒక్క ఇంట్లో భయం పుడితే వీధంతా తలుపులు మూసుకుంటాయి. ఆ తలుపులు మళ్ళీ తెరిపించడం నీ వల్ల కాదు, ప్రొమోతోరా వల్ల కూడా కాదు.

ఇక డబ్బు. నాకు కోపమొచ్చేది ఇక్కడే. గ్రాంటు ఉన్నన్నాళ్ళు ఆవిడ ఫోటో బ్రోషర్ మీద, అయిపోయాక ఆవిడ ఇంట్లో. నేను పనిచేసిన ఒక చోట పెట్రోలు ఖర్చు కూడా నెలల తరబడి ఇవ్వలేదు. మొదటిరోజే అడుగు: గంటకెంత, మైలుకెంత, గ్రాంటు తర్వాత ఏంటి? బడ్జెట్ రాసేవాళ్ళలో నువ్వుంటే ఆవిడ జీతం మొదటి వరసలో రాయి, బరువు తూచే మిషన్లు ఆఖరున.

పెద్దావిడల్ని 'దోన్యా' అని పిలువు, 'ఊస్తేద్' అని మాట్లాడు. అది మన 'మీరు' లాంటిది. పెట్టింది తిను, కనీసం సగం.

సోమవారం టోపీ పెట్టుకుని వెళ్ళు. కుక్కలు వదిలేసి ఉంటాయి. గేటు తియ్యకుండా బయటే నిలబడి కేకెయ్యి, ముందు ప్రొమోతోరాని వెళ్ళనీ. మొదటి వారం ఎలా గడిచిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ పిన్ని