సైకిల్‌ని విమానంలో తీసుకెళ్లడానికి ఏ కేస్ కొనాలి? నా ఓటు అట్టపెట్టెకే

శ్రీకాకుళం నుంచి ఒకరు అడిగారు: విశాఖలో విమానం ఎక్కి ఢిల్లీ మీదుగా లేహ్ వెళ్లి, అక్కడ సొంత సైకిల్ తొక్కాలి, ముప్పై నలభై వేలు పెట్టి హార్డ్ కేస్ కొనాలా, మెత్తటి బ్యాగ్ సరిపోతుందా అని. నాది విజయనగరం. ఇదే దారిలో సైకిల్ పట్టుకెళ్లినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. మీ ఊళ్లో సైకిల్ షాపువాణ్ణి అడిగి కొత్త సైకిల్ వచ్చిన అట్టపెట్టె ఒకటి తెచ్చుకోండి. పడాల్సిన శ్రమంతా ఆ పెట్టె లోపల పడండి.

కేస్ గురించి ఆలోచించే ప్రతివాళ్లూ బయటి దెబ్బ గురించే భయపడతారు. లోడర్లు విసిరేస్తారేమో, మీద బరువైన సూట్‌కేసులు పడతాయేమో అని. నేను చూసినంతవరకు సైకిల్ పాడయ్యేది లోపలే. కేస్ లోపల ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో సైకిల్ కదులుతుంది, కదిలినప్పుడల్లా ఒక భాగం ఇంకో భాగాన్ని పొడుస్తుంది. గట్టి ప్లాస్టిక్ గోడ దాన్ని ఆపలేదు.

మా బావ సంగతి చెబుతాను. లేహ్ ప్రయాణం ఇద్దరం కలిసే వెళ్లాం. ఆయన మంచి ఖరీదైన హార్డ్ కేస్ కొన్నారు, నాలుగు చక్రాలు, నాలుగు తాళాలు, లోపల స్పాంజి షీట్లు. ప్యాకింగ్ కూడా షాపువాళ్లతోనే చేయించారు. నేను అట్టపెట్టె తెచ్చుకున్నాను. "ఇదేమిట్రా, ఫ్రిజ్ డెలివరీకి వెళ్తున్నట్టు" అన్నారు నా పెట్టె చూసి. బయల్దేరే ముందు రోజు రాత్రి వాళ్లింట్లో ఆ కేస్‌ని ఒక పక్కకి వంచి చూశాను. లోపల ఏదో కదిలిన చప్పుడు వచ్చింది. "బావా, ఒకసారి విప్పి చూద్దాం, ఏదో కదులుతోంది" అన్నాను. "ఇంత పెట్టి కొన్నదాంట్లో ఏమవుతుందిలే, పొద్దున్నే లేవాలి" అని ఆయన తాళాలు వేసేశారు.

లేహ్‌లో దిగగానే సైకిల్ ఎక్కకూడదు. ఊరే మూడున్నర వేల మీటర్ల ఎత్తులో ఉంది, శరీరం అలవాటు పడేదాకా విశ్రాంతి తీసుకోవాలి. ఆ ఖాళీ సమయంలో గెస్ట్‌హౌస్ వరండాలో కేస్ విప్పాం. బయట గీత కూడా లేదు. మూత ఎత్తితే వెనక డీరైలర్, అంటే గొలుసుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం, లోపలికి వంగిపోయి కనిపించింది. ఊడదీసి పెట్టిన వెనక చక్రం దారంతా దానికి ఒత్తుకుంటూ వచ్చిందన్నమాట. క్యాసెట్ (వెనక చక్రం మీద ఉండే గేరు చక్రాల గుత్తి) పళ్లు ఫ్రేమ్ కింది గొట్టాన్ని ఒకేచోట రాసి రాసి, రంగు పోయి అల్యూమినియం మెరుస్తోంది. డీరైలర్ బాగానే ఉంది, దాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ వంగింది. ఫ్రేమ్ బదులు వంగడానికే దాన్ని మెత్తటి లోహంతో చేస్తారు, కాబట్టి అది తన పని చేసినట్టే. కానీ గేరు మారిస్తే గొలుసు వెళ్లి చువ్వల్లో పడేలా ఉంది. అలా లేహ్ దగ్గరి ఖర్దుంగ్ లా కనుమ ఎక్కడం, అంతకంటే ముఖ్యంగా దిగడం, కుదిరే పని కాదు.

ఊళ్లో ఆ ఫ్రేమ్‌కి సరిపోయే హ్యాంగర్ దొరకలేదు. దొరకదు కూడా. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ సైకిల్ కంపెనీలు ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారంలో హ్యాంగర్ చేస్తాయి. అరచేతిలో సగం లేని ఈ ముక్కకి వందల రకాలు! 2019లో సైకిల్ భాగాలు చేసే శ్రామ్ కంపెనీ అందరికీ పనికొచ్చేలా యూడీహెచ్ అని ఒక ఉమ్మడి హ్యాంగర్ తెచ్చింది. కానీ మనలాంటివాళ్లం కొనే మధ్యరకం సైకిళ్లలో చాలావాటికి పాత గొడవే. లక్ష పెట్టి సైకిల్ కొన్నవాణ్ణి ఈ చిన్న ముక్క కోసం రోజుల తరబడి ఎదురుచూసేలా చేయడం చాలా అన్యాయం.

చివరికి బజారులో ఒక పెద్దాయన రిపేరు దుకాణంలో పని జరిగింది. ఆయన దగ్గర హ్యాంగర్ సరిచేసే పనిముట్టు లేదు. మూల నుంచి పాత వెనక చక్రం ఒకటి తీసి, దాని ఇరుసు కొసని హ్యాంగర్ రంధ్రంలోకి తిప్పి బిగించారు. రెండింటి మరా ఒకటేనట, పది మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటర్ పిచ్ (మర చుట్ల మధ్య దూరం). ఇప్పుడు బావ సైకిల్ చక్రం పక్కన ఇంకో చక్రం నిలబడింది. రెండు రిమ్ముల మధ్య దూరాన్ని పైనా కిందా, ముందూ వెనకా ఒక పుల్లతో కొలుస్తూ, ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆ పాత చక్రాన్నే పట్టుకుని మెల్లిగా వంచారు. తొందరపడితే విరిగిపోతుంది. అన్ని వైపులా దూరం సమానమయ్యాక డీరైలర్ బిగిస్తే గేర్లు చక్కగా పడ్డాయి. ఆ పెద్దాయన చేతులకి దండం పెట్టాలనిపించింది. నా అట్టపెట్టె ఒక మూల నలిగింది, లోపల సైకిల్ మాత్రం ఇంట్లో ఎలా సర్దానో అలాగే ఉంది.

బావ కేస్‌ని అలా వంచి చప్పుడు వినడం నేను సైకిల్ వాళ్ల దగ్గర నేర్చుకోలేదు. మా వీధిలో సంగీత కళాశాలలో చదివిన ఒక అక్క ఉండేది. కచేరీకి వెళ్లేముందు బొబ్బిలి వీణని పెట్టెలో పెట్టి, మూత వేసి, చెవి దగ్గరగా ఆనించి అటూ ఇటూ వంచేది. కాస్త చప్పుడైనా మళ్లీ విప్పి పాత చీర ముక్కలు కుక్కేది. సైకిల్ పెట్టెని కూడా అలాగే చూడాలి. రెండువైపులా వంచండి, తలకిందులు చేయండి. చప్పుడు రాకపోతేనే టేపు వేయండి.

ఇక బరువు. మన దేశంలో దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కి చెక్-ఇన్ సామాను సాధారణంగా 15 కిలోలే. మౌంటెన్ బైక్ పదమూడు పద్నాలుగు కిలోలు ఉంటుంది. హార్డ్ కేస్ ఖాళీదే పది దాటుతుంది, మెత్తటి బ్యాగులు కూడా తేలికేం కాదు, మంచివి ఎనిమిది తొమ్మిది కిలోలుంటాయి. అట్టపెట్టె నాలుగైదు కిలోల్లో అయిపోతుంది. అదనపు బరువుకి కిలోల లెక్కన కట్టాలి, రానూపోనూ కట్టాలి. టికెట్ కొనేటప్పుడే ఆ విమానసంస్థ క్రీడా సామగ్రికి విడిగా ఏమైనా తీసుకుంటుందా అని చూసి, అదనపు కిలోలు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. కౌంటర్ దగ్గర కడితే సాధారణంగా ఇంకా ఎక్కువవుతుంది. ఫోన్‌లో ఒకరు సరే అంటారు, కౌంటర్‌లో ఇంకొకరు కాదంటారు. మా దగ్గరా అదే జరిగింది. నియమం ఉన్న పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్లాను కాబట్టి వాదన అక్కడితో ఆగింది. మీరూ తీసుకెళ్లండి.

దీనికంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. దిగాక కేస్ ఎక్కడ పెడతారు? మనాలి నుంచి లేహ్ దాకా తొక్కాలనుకుంటే హార్డ్ కేస్‌ని వీపున మోసుకెళ్లలేరు కదా. అట్టపెట్టె అయితే అక్కడే వదిలేస్తారు, తిరిగొచ్చేటప్పుడు విమానం ఎక్కే ఊళ్లోని సైకిల్ షాపులో ఇంకోటి ముందే చెప్పి పెట్టించుకుంటారు.

సర్దే పద్ధతి చెబుతాను. ముందుగా మీ చక్రం సైజు పెట్టె అడగండి, 29 అంగుళాల చక్రాన్ని చిన్న పెట్టెలో కుక్కితే పక్కలు ఉబ్బుతాయి. పెడల్స్ ఊడదీయాలి. ఎడమ పెడల్ మర మామూలుకి వ్యతిరేక దిశలో ఉంటుంది, రెంచ్‌ని పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు తిప్పితే రెండు వైపులా ఊడుతుంది. వేల రూపాయల సైకిల్ కొని పెడల్ ఊడదీయడం రాకపోతే ప్రయాణంలో ఎవరూ ఆదుకోరు, ఇంటి దగ్గరే నేర్చుకోండి. సీటు ఎత్తు దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. వెనక డీరైలర్‌ని హ్యాంగర్ నుంచి విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేమ్ లోపలి వైపుకి కట్టేయండి. బావ సైకిల్‌కి ఈ ఒక్క పని చేసి ఉంటే చాలు. ముందు చక్రం తీశాక ఫోర్క్ కాళ్ల మధ్య ప్లాస్టిక్ అడ్డు పెట్టాలి, లేకపోతే పక్కనుంచి ఒత్తిడి పడితే లోపలికి వంగుతాయి. కొత్త సైకిళ్లతో వచ్చే ఆ అడ్డుల్ని షాపువాళ్లు పారేస్తుంటారు, అడిగితే ఊరికే ఇస్తారు. డిస్క్ బ్రేకులుంటే డిస్కులు విప్పి రెండు అట్టముక్కల మధ్య పెట్టండి. ప్యాడ్ల మధ్య కూడా అట్ట దూర్చండి. దారిలో లివర్ నొక్కుకుంటే ప్యాడ్లు దగ్గరకొచ్చేసి మళ్లీ డిస్క్ దూరదు.

ఫ్రేమ్ చుట్టడానికి ఏసీ మెకానిక్‌లు రాగి గొట్టాలకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టం తెచ్చుకోండి. నిలువునా చీల్చి తొడిగితే సరిగ్గా పడుతుంది. ఇరుసు కొసలు, హ్యాండిల్ కొసలు, గొలుసు చక్రం పళ్లు, అట్టని చీల్చేవి ఇవే. అక్కడ రెండు మూడు పొరల అట్ట అదనంగా వేయండి. మిగిలిన ఖాళీల్లో మీ బట్టలూ, పాత దుప్పట్లూ, గోనె సంచులూ కూరండి. మా విజయనగరం జనపనార మిల్లుల జిల్లా, మన వైపు గోనె సంచికి కరువు లేదు.

అట్టపెట్టెకి ఒకే శత్రువు, వాన. రన్‌వే పక్కన సామాను బండి మీద ఎంతసేపు ఉంటుందో మన చేతిలో లేదు. లోపల సైకిల్‌కి పాలిథిన్ షీట్, బయట పెట్టెకి ఇంకో పొర చుట్టండి. రెండు పక్కలా చెయ్యి పట్టేలా రంధ్రాలు చేసి, అంచులకి టేపు వేయండి. పట్టుకోవడానికి వీలుంటే లోడర్లు ఎత్తుతారు, లేకపోతే ఈడుస్తారు. వాళ్లని తిట్టుకుని లాభం లేదు, రోజంతా బరువులు మోసేవాళ్లు. బ్రిటన్‌లో చాలామంది సైకిలిస్టులు అసలు పెట్టే లేకుండా, పారదర్శకమైన మందపాటి ప్లాస్టిక్ సంచిలో సైకిల్ పెట్టి ఇచ్చేస్తారు. లోపల ఉన్నది సైకిల్ అని కనబడితే మనిషి చెయ్యి తానే నెమ్మదిస్తుందని వాళ్ల నమ్మకం. నాకూ అది నిజమే అనిపిస్తుంది, అందుకే పెట్టె నాలుగు వైపులా సైకిల్ బొమ్మ పెద్దగా గీస్తాను.

టైర్లలో గాలి మొత్తం తీసేయమని కౌంటర్‌లో అడుగుతారు. సామాను అర కూడా మనం కూర్చునే క్యాబిన్‌లాగే ప్రెషరైజ్ చేసి ఉంటుంది, టైరు పేలదు. వాదించకుండా కొంత తీసి, రిమ్ముకి రక్షణగా కొంత ఉంచండి. పవర్ బ్యాంక్, లైట్ల విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. రెంచ్‌లు, అలెన్ కీలు పెట్టెలోనే పెట్టండి. చిన్న గ్యాస్ సిలిండర్ పంపు ఉంటే ఇంట్లో వదిలేసి చేతి పంపు తీసుకెళ్లండి.

విశాఖ దాకా చేరడం కూడా చిన్న పని కాదు. ఈ పెట్టె మామూలు కారు డిక్కీలో పట్టదు. వెనక సీట్లు మడిచే పెద్ద బండి గానీ, పైన క్యారియర్ ఉన్నది గానీ మాట్లాడుకోండి. ఇద్దరు ముగ్గురు కలిస్తే టాటా ఏస్ చవక. విజయనగరం జిల్లాలోని భోగాపురం విమానాశ్రయం నుంచి ఎగిరితే మీకూ మాకూ ఈ బాధ చాలా తగ్గుతుంది.

హార్డ్ కేస్ ఎవరికీ వద్దని అనను. గోవా ట్రయాథ్లాన్‌లాంటి పోటీకి కార్బన్ సైకిల్‌తో వెళ్లి, అదే హోటల్లో ఉండి, అదే విమానాశ్రయం నుంచి తిరిగొచ్చేవాళ్లకి బాగుంటుంది. ఏడాదికి ఒకసారి వెళ్లేవాళ్లయితే అద్దెకి దొరుకుతుందేమో చూసుకోవడం మేలు. వాళ్లూ లోపల కదలకుండా సర్దుకోవాల్సిందే.

ఒకటి మాత్రం మర్చిపోకండి. సర్దేటప్పుడు ఒక్కో దశలో ఫొటోలు తీయండి. దిగాక బయటికి రాకముందే పెట్టె చుట్టూ చూసి, అనుమానం ఉంటే అక్కడే విప్పండి. ఏదైనా విరిగితే ఆ హాల్లోనే సామాను కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించుకోండి. బావ గెస్ట్‌హౌస్‌కి వచ్చాక విప్పారు కాబట్టి ఆయన మాట ఎవరూ వినలేదు. దేశీయ ప్రయాణంలో విమానసంస్థ బాధ్యత మహా అయితే 20,000 రూపాయలు. పైగా చెక్-ఇన్‌లో 'లిమిటెడ్ రిలీజ్' అని, నష్టానికి తమ పూచీని తగ్గించుకునే ఒక ట్యాగ్ మీద సంతకం పెట్టించుకుంటే అదీ కష్టమే. సంతకం పెట్టే ముందు అందులో ఏం రాసుందో చదవండి.

కేస్ మీద మిగిలిన డబ్బులో కొన్ని వందలు పెట్టి మీ ఫ్రేమ్‌కి సరిపోయే హ్యాంగర్ ఒకటి ఇప్పుడే ఆర్డర్ పెట్టండి, శ్రీకాకుళం చేరడానికి టైం పడుతుంది. కంపెనీ, మోడల్, కొన్న సంవత్సరం కింద రాయండి, ఏ హ్యాంగరో చూసి చెబుతాను.