రాళ్లు చూడబోయే అల్లుడికి

చీమకుర్తి

అల్లుడూ,

ఆగస్టులో యూటా, అరిజోనా వైపు కార్లో తిరిగొస్తారని మీ అమ్మ చెప్పింది. మూడేళ్ల కిందట మీ బావ నన్ను తిప్పిన దారే అది. ముప్ఫై ఏళ్లు క్వారీలో రాళ్లు కోయించినవాణ్ని, చెప్పకుండా ఉండలేను.

ముందు బ్రైస్ కాన్యన్‌కి వెళ్లండి. పొద్దు పొడిచేసరికి సన్‌రైజ్ పాయింట్ దగ్గరుండాలి. 8,000 అడుగుల ఎత్తు, ఆగస్టయినా స్వెట్టర్ ఉంచుకో. ఎర్రటి రాతి స్తంభాలు తిరనాళ్లలో జనంలా కిక్కిరిసి ఉంటాయి. హూడూలంటారు వాటిని. పైనుంచి ఫోటోలు తీసుకుని వచ్చేయకుండా క్వీన్స్ గార్డెన్ దారిలో కిందికి దిగు. ఒక్క స్తంభం దగ్గర నిలబడి దాని నెర్రె చూడు. చిన్నప్పుడు మా క్వారీలో బండని విడదీయడం చూశావుగా? వరసగా బెజ్జాలు వేసి, ఇనప చీలలు దించి, ఒక్కోదాని మీద ఒక్కో దెబ్బ. ఎక్కడో లోపల 'టిక్'మంటుంది. ఇక సమ్మెట పక్కన పడేసి బీడీ ముట్టించుకోవచ్చు, బండ దానంతటదే విచ్చుకుంటుంది. అక్కడ చీల పని నీళ్లు చేస్తాయి. పగలు కరిగిన మంచు నెర్రెలోకి దిగి రాత్రికి గడ్డకట్టి 9 శాతం దాకా ఉబ్బుతుంది. ఏడాదిలో దాదాపు సగం రోజులు ఇదే తంతు. పైన గట్టి పొర టోపీలా మిగిలిపోతుంది, కింద మెత్తటిది తరిగిపోతుంది. గాలి చెక్కిందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో.

తర్వాత ఆర్చెస్ నేషనల్ పార్క్. మన తిరుమల శిలాతోరణం లాంటివి అక్కడ 2,000 పైనే. డెలికేట్ ఆర్చ్‌కి పోను రాను మూడు మైళ్లు, నీడ ఉండదు. నేను బోల్తా పడింది అక్కడే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో క్వారీ గోతిలో నిలబడినవాణ్ని, ఈ ఎండ నన్నేం చేస్తుందిలే అని అరలీటరు సీసాతో బయల్దేరాను. మన దగ్గరైతే చొక్కా తడిసి ముద్దయి ముందే చెబుతుంది. అక్కడి పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు. సగం దారిలో మెడ తుడుచుకుంటే చేతికి ఉప్పు గరగరలాడింది, కళ్లు తిరిగాయి. మీ బావ సీసా నాకిచ్చి తను ఎండిపోయాడు. మనిషికి రోజుకి 4 లీటర్లు, లెక్కపెట్టి కార్లో వేసుకో.

ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి 1991లో 60 అడుగుల పెచ్చు ఊడిపడింది. ఆ తర్వాత దాని కింద దారి మూసేశారు. నేనయితే ఇంకా ముందే మూయించేవాణ్ని. వానకి తడిసిన ఇసుకరాయి మెత్తబడుతుంది, ఆరేదాకా ఎక్కకండి. నేలమీద నల్లగా పొక్కుల్లా కనిపించేది ప్రాణమున్న మట్టి, తొక్కకండి.

యాంటిలోప్ కాన్యన్ అంటే రాతిలో నీళ్లు కోసిన ఇరుకు సందు. అక్కడ మాత్రం గైడ్ 'ఈరోజు వద్దు' అంటే మారు మాట్లాడొద్దు. 1997 ఆగస్టు 12న అక్కడ 11 మంది వరదలో పోయారు. వాళ్ల నెత్తిన వాన లేదు, ఎగువన ఎక్కడో పడింది. నల్లమలలో కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే మన గుండ్లకమ్మకి నీళ్లు రావూ? అలాగే. కాకపోతే ఆ సందులో పక్కకి తప్పుకునే చోటు ఉండదు.

నాకోసం రాయి తేవద్దు, ఏరడం నేరం. క్వీన్స్ గార్డెన్‌లో ఒక నెర్రె ఫోటో పంపు చాలు. పక్కన నీ చెయ్యి కనపడేలా తియ్యి, లేకపోతే ఎంత వెడల్పో నాకు తెలియదు.

మీ మామయ్య