కారవాన్ సంగతి తర్వాత; ముందు ఆఫ్‌సెట్‌లో 28,000 డాలర్లు ఉండాలి

ప్రశ్న: మెల్‌బోర్న్‌లోని టార్నీట్‌లో ఉంటున్నాం. నాకు 41 ఏళ్లు. ఒకే కంపెనీలో పదేళ్లు పూర్తయ్యాయి, నెలకు చేతికి 8,000 డాలర్లు వస్తుంది. నా భార్య ఏజ్డ్ కేర్‌లో (వృద్ధుల సంరక్షణలో) క్యాజువల్‌గా పనిచేస్తుంది, సగటున 3,600 తెస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంటి లోన్ 5.4 లక్షల డాలర్లు ఉంది, నెల వాయిదా 3,400. దానితో కలిపి తప్పనిసరి ఖర్చు నెలకు 7,000. అన్నీ పోను 1,800 దాచగలుగుతున్నాం. ఆఫ్‌సెట్‌లో (ఇంటి లోన్‌కు జతచేసిన ఖాతా, అందులో ఉన్నంత మేరకు లోన్ మీద వడ్డీ పడదు) 21,000 ఉంది. లాంగ్ సర్వీస్ లీవ్‌ను (ఒకే చోట చాలా ఏళ్లు పనిచేసినందుకు వచ్చే జీతంతో కూడిన సెలవు) సగం జీతం మీద 12 వారాలు పెట్టి బల్లరాట్, మాల్డన్, బెండిగో లాంటి పాత బంగారు గనుల ఊళ్లన్నీ చూసుకుంటూ, నల్లార్బార్ మైదానం దాటి పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీ దాకా కారవాన్‌తో (కారు వెనక తగిలించి లాగే, ఇల్లులాంటి బండి) వెళ్లి రావాలని కోరిక. మొత్తం 7,500 కిలోమీటర్లు. మొదటి మూడు వారాలు గుంటూరు నుంచి వచ్చే అమ్మానాన్నలూ మాతోనే ఉంటారు. నాన్నకు గుండెలో స్టెంట్ వేశారు. 65,000 డాలర్ల కొత్త కారవాన్‌కు 9 శాతం వడ్డీతో ఏడేళ్ల లోన్ ఇప్పిస్తానని డీలర్ అంటున్నాడు. దాని ఖాళీ బరువు 2,180 కిలోలు, గరిష్ఠ బరువు 2,600. మా ఏడు సీట్ల కారు లాగగలిగేది 2,000. దారి ఖర్చులకు ఆఫ్‌సెట్ నుంచి 14,000 తీద్దామనుకుంటున్నాను, అందులో డీజిల్‌కు 1,500 వేశాను. బంగారం వెతికే డిటెక్టర్ కూడా వడ్డీ లేని వాయిదాల మీద కొనమని బావమరిది చెబుతున్నాడు. మీరేమంటారు?

జవాబు: ఈ లోన్ తీసుకోకండి. యాత్ర మానుకోమని అనడం లేదు. పిల్లలు, పెద్దవాళ్లు కలిసి ఆ ఊళ్లు తిరగడం మంచి ఆలోచన, కానీ మీరు వేసుకున్న లెక్కతో మాత్రం బయల్దేరకండి. ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఉంది. పొడవైన సెలవు పెట్టే కుటుంబాలు దాదాపు అన్నీ చేసే తప్పే మీరూ చేశారు. రోడ్డు మీద అయ్యే ఖర్చు రాసుకున్నారు. ఇంటి దగ్గర ఆగకుండా నడిచే ఖర్చును, ఆగిపోయే జీతాన్ని మాత్రం రాసుకోలేదు.

లెక్క చూడండి. సగం జీతం మీద పన్ను తగ్గుతుంది కాబట్టి చేతికి నెలకు 4,400 వస్తుందనుకుందాం. మీ శ్రీమతిది క్యాజువల్ ఉద్యోగం, పనికి వెళ్లని వారానికి ఆమెకు జీతం రాదు. అటు ఇంటి ఖర్చు 7,000 అలాగే ఉంటుంది. దానికి కారవాన్ వాయిదా 1,046 కలిస్తే 8,000 దాటుతుంది. నెలకు 3,650 లోటు. 12 వారాలకు అది దాదాపు 10,000. తిండి ఖర్చు రెండు చోట్లా పడిందని 2,000 తగ్గించినా 8,000 మిగులుతుంది. దారి ఖర్చు 14,000తో కలిపితే 22,000. మీ దగ్గరున్నది 21,000. అంటే మీరు ఇంటికి చేరకముందే ఆఫ్‌సెట్ ఖాళీ అవుతుంది. వచ్చాక మీ శ్రీమతికి షిఫ్టులు మొదటి వారం నుంచే పూర్తిగా దొరుకుతాయన్న హామీ కూడా లేదు. ఆ తర్వాత కారు గేర్‌బాక్స్ పోయినా, ఇండియాకు హఠాత్తుగా టికెట్లు కొనాల్సి వచ్చినా క్రెడిట్ కార్డే గతి.

ఆ 21,000ను మీరు పొదుపు అనుకుంటున్నారు. నా లెక్కలో అది అత్యవసర నిధి, అది కూడా ఇంకా నిండనిది. మీ ఇంటికి కనీసం నాలుగు నెలల ఖర్చు, అంటే 28,000 ఉండాలి. నాలుగే ఎందుకంటే, సూపర్ (రిటైర్మెంట్ నిధి) ద్వారా వచ్చే ఇన్‌కమ్ ప్రొటెక్షన్‌లో (జబ్బుతో పని ఆగితే జీతంలో కొంత ఇచ్చే బీమా) వెయిటింగ్ పీరియడ్ చాలావరకు 90 రోజులు ఉంటుంది. ఆ 90 రోజులు గడిచాక లెక్క మొదలవుతుంది, డబ్బు మాత్రం నెల చివర వస్తుంది. కాబట్టి మీరు ఈరోజు మంచాన పడితే మొదటి చెల్లింపు అందేది దాదాపు 120 రోజులకు. ఈ మధ్యకాలాన్ని దాటించేది మీ ఆఫ్‌సెట్ ఒక్కటే. పైగా చాలా సూపర్ ఖాతాల్లో డిఫాల్ట్‌గా ఉండేది మరణానికి, శాశ్వత వైకల్యానికి కవర్ మాత్రమే, ఇన్‌కమ్ ప్రొటెక్షన్ అసలు ఉండదు. మీ ఇద్దరి సూపర్ స్టేట్‌మెంట్లు తీసి ఆ వరుస ఉందో లేదో ఈ వారమే చూడండి. మీకు లేకపోతే నాలుగు నెలల నిధీ చాలదు. ఒకరిది క్యాజువల్ ఆదాయం కాబట్టి మెల్లగా ఆరు నెలలకు, 42,000కు తీసుకెళ్లాలి. యాత్ర డబ్బు దీని కింద నుంచి తీయకూడదు, దీని పైన పోగవ్వాలి. రెండూ ఒకే ఖాతాలో పెట్టకండి, కలిస్తే దారిలో ఏది ఏదో తెలియదు.

ఇక లోన్ సంగతి. 65,000కు 9 శాతం, ఏడేళ్లు అంటే మీరు కట్టేది సుమారు 87,850. వడ్డీయే 22,850. కొత్త కారవాన్ డీలర్ యార్డు దాటగానే విలువ పడిపోతుంది. రెండో ఏడాది అమ్మాల్సి వస్తే వచ్చే ధర కంటే బాకీయే ఎక్కువ ఉండే ప్రమాదం ఉంది. రిజిస్ట్రేషన్, బీమా, సర్వీసు, టార్నీట్ ఇంటి ముందు చోటు లేకపోతే పార్కింగ్ యార్డు అద్దె, ఇవన్నీ అదనం. ఏడాదిలో ఎక్కువ నెలలు కవర్ కప్పుకుని నిలబడే బండికి ఏడేళ్లు వాయిదా కట్టడం అప్పు చేసి పప్పు కూడే. నెలకు వెయ్యే కదా అని డీలర్ అనే ఉంటాడు. మీ పొదుపు 1,800లో ఆ వెయ్యి సగం పైగా తినేస్తుంది, నిధి నింపే పని ఏడేళ్లూ కుంటుతుంది.

డబ్బు పక్కన పెట్టినా ఆ కారవాన్ మీ కారుకు కుదరదు. కారు లాగగలిగేది 2,000 కిలోలు, కారవాన్ ఖాళీగానే 2,180. ఒక్క ప్లేటు ఎక్కించకముందే చట్టం దాటుతోంది. ఈ మాట చెప్పకుండా ఫైనాన్స్ కాగితాలు ముందు పెట్టిన డీలర్ దగ్గర ఏదీ కొనకండి. ఖాళీ బరువులో నీళ్లు కలవవు. 95 లీటర్ల ట్యాంకులు రెండు నింపితే 190 కిలోలు, తొమ్మిది కిలోల గ్యాస్ సిలిండర్లు రెండింటిలో గ్యాస్ 18 కిలోలు. 420 కిలోల భారంలో సగం అక్కడికే అయిపోతుంది. మిగిలిన 212 కిలోల్లో గుడార పందిరి, అదనపు బ్యాటరీ, వంట సామాను, బట్టలు, పిల్లల సైకిళ్లు సర్దాలి. కారవాన్ బరువులో దాదాపు పదో వంతు కారు వెనక దాన్ని తగిలించే బాల్ మీద పడుతుంది, అదీ కారు మోయాల్సిన బరువులోకే వస్తుంది. ఆరుగురు మనుషులు, పైన ఆ 200 కిలోలకు పైబడిన బరువు కలిస్తే కారు సొంత గరిష్ఠ బరువు కూడా దాటే అవకాశం ఉంది. కారవాన్ కదులుతున్నప్పుడు అందులో ఎవరూ కూర్చోకూడదు కాబట్టి మనుషులను అటు సర్దే వీలూ లేదు. పరిమితి దాటి లాగుతున్నప్పుడు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కారు క్లెయిమ్‌నూ కారవాన్ క్లెయిమ్‌నూ తిరస్కరించవచ్చు. అప్పుడు 65,000 బాకీ మీకే మిగులుతుంది, ఎదుటివారి బండికి నష్టం మీ చేతినుంచే కట్టాలి. దీన్ని సరిచేయాలంటే కనీసం 2,600 కిలోలు లాగే బండి కొనాలి. అంటే రెండో లోన్.

డీజిల్ లెక్క కూడా అందుకే తప్పింది. కారు మామూలుగా వంద కిలోమీటర్లకు తొమ్మిది లీటర్లు తాగుతుందని వేసుకున్నట్టున్నారు. రెండున్నర టన్నులు లాగితే వందకు 16 నుంచి 20 లీటర్లు పోతుంది. 18 అనుకుంటే 7,500 కిలోమీటర్లకు 1,350 లీటర్లు. లీటరు సగటున 2.10 పడితే 2,835 డాలర్లు. సెడూనా నుంచి నార్స్‌మన్ దాకా దాదాపు 1,200 కిలోమీటర్లలో రోడ్‌హౌస్‌ల్లో (హైవే పక్కన ఉండే బంకులు) పోసుకునే డీజిల్ సిటీ ధరకు దొరకదు. పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దులో పండ్లు, కూరగాయలు, తేనె తీసేసుకుంటారు, నిండుగా సర్దుకుని వెళ్తే అదీ నష్టమే.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మీ నాన్నగారి సంగతి. స్టెంట్ గురించి రాశారు కానీ బీమా మాట ఒక్కటీ రాయలేదు. సందర్శక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య పథకం) వర్తించదు, ఇండియాతో ఆస్ట్రేలియాకు పరస్పర వైద్య ఒప్పందం లేదు. మాల్డన్, డనోలీ లాంటి ఊళ్లలో పెద్ద ఆసుపత్రి ఉండదు. ఛాతీ నొప్పి వస్తే బెండిగోకో బల్లరాట్‌కో తీసుకెళ్లాలి, పరిస్థితి చేయిదాటితే హెలికాప్టర్‌లో మెల్‌బోర్న్‌కు. విక్టోరియాలో అంబులెన్స్ మెడికేర్ ఉన్నవాళ్లకు కూడా ఉచితం కాదు. రోడ్డు అంబులెన్స్ బిల్లే వెయ్యి దాటుతుంది, ఆకాశ మార్గమైతే పదుల వేలు. ఒక్క రాత్రి మీ ఆఫ్‌సెట్ మొత్తాన్ని మింగగలదు.

కాబట్టి వాళ్ల విమానం టికెట్ల కంటే ముందు పాలసీ తేలాలి. ఇండియాలో కొనే ట్రావెల్ పాలసీల్లో ముందునుంచి ఉన్న జబ్బులకు చాలాసార్లు ప్రాణాపాయంలో నిలకడ వచ్చేవరకే డబ్బు ఇస్తారు, ఆ తర్వాతి చికిత్సకు ఇవ్వరు. ఇక్కడి విజిటర్ హెల్త్ కవర్‌లో పాత జబ్బులకు సాధారణంగా 12 నెలల వెయిటింగ్ ఉంటుంది. రెండింటి నిబంధనలూ పక్కపక్కన పెట్టుకుని, గుండెకు సంబంధించిన వాక్యాలు చదివి, స్టెంట్ వేసిన తేదీ, వాడే మందులు దాచకుండా రాసి కొనండి. దాస్తే ప్రీమియం తగ్గుతుంది, క్లెయిమ్ మాత్రం పోతుంది. రోడ్డు, ఆకాశ మార్గం అంబులెన్స్ రెండూ ఉన్నాయని కంపెనీ నుంచి ఈమెయిల్‌లో రాయించుకోండి. మీ నలుగురికీ అంబులెన్స్ విక్టోరియా కుటుంబ సభ్యత్వం తీసుకోండి, ఏడాదికి వంద డాలర్ల చుట్టుపక్కల ఖర్చు. అమ్మానాన్నలు అందులోకి రారు, వాళ్లది వాళ్ల పాలసీలోనే ఉండాలి. మందులు యాత్ర రోజులకు మించి రెండు వారాలు ఎక్కువ, జనరిక్ పేర్లతో రాసిన చీటీతో సహా తెచ్చుకోమనండి. గుంటూరులో కార్డియాలజిస్టుకు యాత్ర వివరం చెప్పి అనుమతి తీసుకోవాలి. బెండిగోలో సెంట్రల్ డెబొరా గనిలోకి నేలకింద 61 మీటర్లు దించే టూర్ ఉంది, ఆ డాక్టరు సరేనంటేనే ఆయనకు టికెట్ తీయండి.

మరి యాత్ర ఎలా? ఈసారికి విక్టోరియా వరకే పెట్టుకోండి, పూర్తి జీతం మీద మూడు వారాలు. పదేళ్లకు మీకు ఎనిమిది వారాల పైచిలుకు లీవ్ ఉంది, మిగిలింది కాల్గూర్లీకి దాచుకోండి. బల్లరాట్, క్లూన్స్, మేరీబరో, డనోలీ, మాల్డన్, కాసిల్‌మైన్, బెండిగో చుట్టి ఇంటికి చేరడానికి 500 కిలోమీటర్లు కూడా కాదు. ఒక ఊరి నుంచి మరో ఊరికి గంటలోపే. ఇంత చిన్న చుట్టుకు రెండు టన్నులు వెంట లాగే అవసరమేముంది? బల్లరాట్‌లో ఒక వారం, మేరీబరోలో నాలుగైదు రోజులు, కాసిల్‌మైన్‌లోనో బెండిగోలోనో మిగతాది ఉండి, కారవాన్ పార్కుల్లోనే ఉండే రెండు పడకగదుల క్యాబిన్లు తీసుకోండి. వంటగది ఉంటుంది, అమ్మ చేతి వంట తినొచ్చు, రాత్రి చలిలో పెద్దవాళ్లు టాయిలెట్ బ్లాక్‌కు నడవక్కర్లేదు. రాత్రికి 200 చొప్పున 21 రాత్రులకు 4,200, తిండికి 1,500, బల్లరాట్‌లోని సావరిన్ హిల్ (పాత గని ఊరిని చూపించే మ్యూజియం) వంటివాటి టికెట్లకు, డీజిల్‌కు కలిపి 800, బీమాలకు 1,000. మొత్తం 7,500. మీ శ్రీమతి కోల్పోయే మూడు వారాల జీతం 2,500 కలిపితే 10,000.

నిధికి తక్కువైన 7,000, ఈ 10,000 కలిపి 17,000. నెలకు 1,800 చొప్పున తొమ్మిది, పది నెలల్లో పోగవుతుంది. ఆ లెక్కన మార్చి నుంచి మే మధ్యలో గానీ, సెప్టెంబరు నుంచి నవంబరు మధ్యలో గానీ పెట్టుకోండి. నడి వేసవిలో కార్చిచ్చు హెచ్చరికలు వచ్చి బుకింగులు రద్దవుతాయి, జూన్, జూలై రాత్రులు పెద్దవాళ్లకు గడ్డుగా ఉంటాయి. ఈస్టర్ వారం బెండిగో ఉత్సవం వల్ల గదులు దొరకవు, దొరికినా ధర ఎక్కువ, ఆ వారం మేరీబరోలో ఉండండి.

కారవాన్ అనుభవమే కావాలంటే మీ కారు లాగగలిగే చిన్నది అద్దెకు తీసుకుని ఒక వారం తిరిగి చూడండి. పాతది నగదుకు కొనడం రెండేళ్ల తర్వాతి మాట. కాల్గూర్లీకి పెర్త్ దాకా విమానం, అక్కడి నుంచి ప్రాస్పెక్టర్ రైలు.

డిటెక్టర్ వద్దు. మంచి యంత్రానికి వేలల్లో అవుతుంది, వడ్డీ లేని గడువు దాటితే సాధారణంగా 20 శాతం పైమాటే పడుతుంది. 1869లో డనోలీ దగ్గరి మోలియాగల్‌లో 70 కిలోలకు పైగా బంగారం ఉన్న ముద్ద నేలకు అంగుళం లోతులో దొరికిన మాట నిజమే, దాన్ని చూపించి వాయిదాలు అంటగడతారు. సరదాకైతే మైనర్స్ రైట్ (బంగారం వెతకడానికి ఇచ్చే అనుమతి పత్రం) తీసుకుని, ఒక పళ్లెం కొని వాగు ఇసుకను కడిగి వెతకండి, పిల్లలకు అదే ఎక్కువ ఆనందం. ఏ వాగులో కుదురుతుందో ముందు చూసుకోండి, జాతీయ పార్కుల్లో చాలాచోట్ల అనుమతి ఉండదు.

మరో రెండు పనులున్నాయి. ఇల్లు వరుసగా 60 రోజులకు మించి ఖాళీగా ఉంటే చాలా గృహ బీమాల్లో కవర్ తగ్గుతుంది, కొన్నిటిలో ఆ హద్దు 90. మీరనుకున్న 12 వారాలు అంటే 84 రోజులు, కాబట్టి ఎప్పుడైనా అంత పొడవుగా వెళ్తే ముందే కంపెనీకి చెప్పాలి. రెండోది, డీలర్‌కు ఇప్పటికే డిపాజిట్ కట్టి ఉంటే కాంట్రాక్టులో ఫైనాన్స్ ఆమోదానికి లోబడి అనే షరతు ఉందేమో చూసి, మీ కారు లాగే పరిమితి రాసిన పేజీ జతచేసి, కొనుగోలు రద్దు చేయమని ఈమెయిల్ పంపండి. ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. లోన్ దరఖాస్తు మీద సంతకం ఇంకా పెట్టకపోతే పెట్టకండి, ఆ విచారణ కూడా మీ క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది.