కంచు బొమ్మ మీద పచ్చని పొడి: చింతపండు వద్దు

లండన్ వేలంలో మీరు కొన్న చిన్న రోమన్ కంచు బొమ్మ (రెక్కల టోపీ పెట్టుకునే మెర్క్యురీ దేవుడిది) పాదాల దగ్గర లేత పచ్చని పొడి రాలుతోందని, చింతపండుతో తోమవచ్చా అని అడిగారు. దయచేసి తోమకండి! మన ఇంటి ఇత్తడి చెంబుకు అది మంచిదే. కానీ ఈ బొమ్మకు పులుపు తగిలితే శతాబ్దాలుగా ఏర్పడిన పైపొర పోతుంది. ముఖకవళికలు, టోపీ రెక్కల గీతలు నిలిచి ఉండేది ఆ పొరలోనే.

ముందు సన్నని వెదురు పుల్లతో మెల్లగా తాకి చూడండి. గట్టిగా అంటుకొని ఉంటే అది మామూలు చిలుము, దానికి భయం లేదు. పొడిగా రాలి, తుడిచిన కొద్ది రోజులకే మళ్లీ పుడితే మాత్రం అది కంచు తెగులే అయి ఉంటుంది. మట్టిలో ఉన్నప్పుడు లోహంలో చేరిన క్లోరైడ్లు (ఉప్పులో ఉండేలాంటి లవణాలు) గాలిలోని తేమ, ఆక్సిజన్‌తో కలిసి లోపలి నుంచి తినేస్తాయి. మీరుండే బ్రైటన్ సముద్రపు ఒడ్డు కాబట్టి మరింత జాగ్రత్త అవసరం.

ఈ రోజే బొమ్మను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, ఎండబెట్టిన సిలికా జెల్‌తో (తేమను పీల్చే గుళికలు) కలిపి పెట్టండి. తేమ కొలిచే చిన్న మీటరు కూడా అందులోనే ఉంచండి. సాపేక్ష ఆర్ద్రత, అంటే మీటరు చూపే గాలిలోని తేమ, 35 శాతం దాటకూడదు. ఇది తెగులును ఆపుతుందే తప్ప నయం చేయదు. బెంజోట్రయజోల్ అనే రసాయనంతో చేసే చికిత్స విషపూరితమైనది, దాన్ని ఇంట్లో ప్రయత్నించవద్దు. లోహ సంరక్షణ నిపుణులకే అప్పగించండి.

పొడి ఫోటోలు ఇప్పుడే తీసి, వేలం సంస్థ ఇచ్చిన స్థితి నివేదికతో పోల్చి, వెంటనే వారికి రాయండి. రసీదును, పాత యజమానుల వివరాలున్న కాగితాలను పారేయకండి.