పక్కింటావిడకు చామంతులిచ్చాను, మాట మానేసింది

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లయి ఏడాదిన్నర. మావారు ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉద్యోగం చేస్తారు. అద్దె తక్కువని, ప్రశాంతంగా ఉంటుందని అక్కడికి గంట దూరంలో, జెర్స్ జిల్లాలోని ఒక పల్లెలో ఇల్లు తీసుకున్నారు. పొద్దున ఆయన కారులో వెళ్తే చీకటి పడ్డాకే రావడం. ఈ పల్లెకు బస్సు లేదు. నాకు ఫ్రెంచ్ రాదు. పోయిన అక్టోబరు చివర్లో పక్కింటి పెద్దావిడకు చామంతి కుండీ కొనిచ్చాను. ఆవిడ మొహం మాడిపోయింది. అప్పట్నుంచి పలకరింపు లేదు. ఇక్కడ ఉండలేనంటే మావారు ‘అలవాటవుతుందిలే’ అంటారు. అమ్మేమో ‘ఓ బిడ్డ పుడితే అంతా సర్దుకుంటుంది’ అంటుంది. ఏం చేయను?

జవాబు: ముందు చామంతుల సంగతి తేల్చేద్దాం. నవంబరు 1 అక్కడ తూసాం పండుగ. ఇంటిల్లిపాదీ స్మశానానికి వెళ్లి, తమవాళ్ల సమాధుల మీద చామంతి కుండీలు పెట్టి వస్తారు. అక్టోబరులో దుకాణాల ముందు అవి బారులు తీరేది అందుకే. మనం జడలో తురుముకునే పువ్వు వాళ్లకు పోయినవాళ్ల పువ్వు. సరిగ్గా ఆ రోజుల్లో, అదీ ఓ ముసలావిడ చేతిలో పెట్టారు మీరు!

కోపం కాదు, ఆవిడ ఉలిక్కిపడి ఉంటుంది. ‘మా ఊళ్లో ఇది దేవుడికి పెట్టే పువ్వు, మీ ఆచారం నాకు తెలియదు’ అని ఫోన్లో ఫ్రెంచ్‌లోకి మార్చుకుని చీటీ మీద రాయండి. నాలుగు సున్నుండలు కట్టి పట్టుకెళ్లండి. (గోంగూర పచ్చడి ఇప్పుడే వద్దు.) 12 నుంచి 2 దాకా భోజనాల వేళ, అప్పుడు తలుపు తట్టకండి. గుమ్మంలో ముందు ‘బోంజూర్ మదామ్’. రొట్టెల కొట్టులోనైనా అంతే, ఆ మాట అనకుండా సరుకు అడిగితే పెడసరం అనుకుంటారు. మనకు మీరు, నువ్వు ఉన్నట్టే వాళ్లకు ‘వూ’, ‘త్యూ’ ఉన్నాయి. పెద్దావిడ కాబట్టి ‘వూ’ అనండి.

కానీ అమ్మా, ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఇల్లు ‘తీసుకున్నారు’ అని రాశారు, ‘తీసుకున్నాం’ అని కాదు. ఆ పల్లెల్లో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. డిసెంబరులో ఎనిమిది దాటితే గానీ పొద్దు పొడవదు, ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. పగలంతా మాట్లాడే మనిషి లేని చోట ‘అలవాటవుతుందిలే’ అనడం తేలిక. ఇక ఒంటరితనానికి మందుగా బిడ్డను కనమనడం, అమ్మగారు ఏమనుకున్నా సరే, నేను ఒప్పుకోను.

మీవారితో ఏడుస్తూ కాదు, లెక్కగా మాట్లాడండి. వారంలో ఒకటి రెండు రోజులైనా కారు మీ దగ్గర ఉండాలి. మన లైసెన్సు అక్కడ కాపురం పెట్టిన మొదటి ఏడాది వరకే చెల్లుతుంది. గడువు దాటితే అక్కడి డ్రైవింగ్ స్కూల్లో చేరాలి. డబ్బు బాగానే అవుతుంది, అయినా అద్దెలో మిగులుతున్నది ఎందుకుంది? ఎంత చిన్న ఊరికైనా మన పంచాయతీ ఆఫీసులాంటి ‘మెరీ’ ఉంటుంది. దగ్గర్లో ఫ్రెంచ్ ఎవరు నేర్పుతారో అక్కడ అడగండి. సెప్టెంబరులో చాలా ఊళ్లలో సంఘాలవాళ్లంతా ఒకచోట బల్లలు వేసుకుని కొత్తవాళ్లను చేర్చుకుంటారు. పాటో, నడకో, కుట్లు అల్లికలో, ఏదో ఒకదాంట్లో చేరండి.

ఈలోగా నిద్ర, ఆకలి తగ్గిపోతే ఆగకుండా డాక్టరును కలవండి. వచ్చే చలికాలం ముందు దాకా చూద్దామని, అప్పటికీ మనసు కుదరకపోతే మెట్రో ఉన్న తులూజ్‌కే మారదామని మీవారి దగ్గర ఇప్పుడే మాట తీసుకోండి. ఈసారి ఇల్లు చూడ్డానికి ఇద్దరూ వెళ్లండి.