నెలకు 40 శాతం పెరిగే ధరలను ఆర్డర్ వేసి ఆపొచ్చా? బ్రెజిల్ లెక్క ఇది

మీ ప్రశ్న: "ధరలు నెలనెలా 30, 40 శాతం పెరిగిపోతుంటే ప్రభుత్వం 'రేపటి నుంచి ఎవరూ ధర పెంచకూడదు' అని చట్టం చేస్తే సరిపోదా?"

చేశారండీ, ఒకసారి కాదు. 1986 నుంచి 1991 మధ్య బ్రెజిల్ ఒక్కటే ఇలాంటి పథకాలు ఐదు వేసింది. ప్రతిదాంట్లోనూ ధరల స్తంభన ఉంది, ప్రతిదీ కొన్ని నెలల్లో చేతులెత్తేసింది. 1994లో 'రియల్' అనే కొత్త కరెన్సీ తెచ్చిన రియల్ పథకం మాత్రం ధరలను స్తంభింపజేయకుండానే పని చేసింది. తేడా ఎక్కడుందో చూస్తే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ద్రవ్యోల్బణం ఆ స్థాయికి చేరాక ధరలన్నీ ఒకే రోజు పెరగవు. ఒకరు నిన్న పెంచారు, ఇంకొకరు రేపు పెంచుదామని ఉన్నారు. 1986 ఫిబ్రవరి 28న, ఆ ఐదింటిలో మొదటిదైన క్రుజాదో పథకం కింద ధరలను ఎక్కడివక్కడ ఆపేసరికి నిన్న పెంచినవాడు గట్టెక్కాడు, రేపు పెంచాల్సినవాడు మునిగాడు. మునిగినవాడు నష్టానికి సరుకు అమ్మడు కదా. పశువుల పెంపకందార్లు పశువులను అమ్మకుండా మేతభూముల్లోనే ఉంచేశారు. చివరికి ప్రభుత్వం పోలీసులను పంపి పశువులను స్వాధీనం చేసుకునేదాకా వెళ్లింది. కొత్త కారు కొంటే బిల్లులో ఒక ధర, బిల్లులో కనపడని పై డబ్బు వేరే. ఇది చాలదన్నట్టు జీతాలను ఆరు నెలల సగటుకు మార్చి, దాని మీద ఇంకో 8 శాతం కలిపారు. కనీస వేతనానికైతే ఇంకా ఎక్కువే. ఒకపక్క కొట్లో సరుకు తగ్గింది, మరోపక్క జేబులో డబ్బు పెరిగింది. నవంబరు ఎన్నికల దాకా ఎలాగోలా లాక్కొచ్చి, అవి అయిన వారంలోపే పన్నులూ ధరలూ పెంచారు. అక్కడితో జనానికి నమ్మకం పోయింది.

జీతాన్ని ఏ స్థాయి దగ్గర ఆపాలన్నదే అన్నిటికంటే కష్టమైన ముడి. లెక్క తేలిగ్గా ఉండటానికి జీతం నాలుగు నెలలకోసారి సవరిస్తారనీ, ధరలు నెలకు 40 శాతం పెరుగుతున్నాయనీ అనుకుందాం. సవరించిన నెలలో ఆ జీతం కొనే శక్తి 100 అయితే, తర్వాతి నెలకు 71, ఆ పైన 51, నాలుగో నెలకు 36. సగటు 64 చిల్లర. ఉద్యోగికి మాత్రం గుర్తుండేది 100. "నా జీతం 100 దగ్గర ఆపండి" అంటాడు, అందులో అతని తప్పేమీ లేదు. కానీ అందరికీ 100 ఇస్తే దేశం మొత్తం కొనే శక్తి ఒక్కరాత్రిలో సగానికి పైగా పెరిగినట్టు. అంత సరుకు ఎక్కడుంది? 36 దగ్గర ఆపితే అన్యాయం, ఆ పథకం సమ్మెల్లో కొట్టుకుపోతుంది. ఉన్న సరుకుకు సరిపోయేది సగటే. 1994లో జీతాలను అంతకుముందు నాలుగు నెలల సగటు విలువకే మార్చారు. కార్మిక సంఘాలు గట్టిగానే వ్యతిరేకించాయి, కానీ లెక్క అందరికీ ఒకటే కావడంతో అది నిలబడింది.

అయితే దీనికన్నా ముందు జరగాల్సిన పని ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. బడ్జెట్. ద్రవ్యోల్బణం ప్రభుత్వ లోటును దాచేస్తుంది. బ్రెజిల్‌లో పన్నులు ధరలతోపాటు పెరిగేవి, ఖర్చు మాత్రం బడ్జెట్‌లో రాసిన అంకె దగ్గరే ఉండేది. కాంట్రాక్టరు బిల్లును రెండు నెలలు ఆపితే చాలు, దాని అసలు విలువ సగమైపోతుంది. ధరలు ఆగిన రోజు ఈ వెసులుబాటు పోయి అసలు లోటు బయటపడుతుంది. పాత పథకాలు దీన్ని నిలకడగా సరిచేయలేదు. 1993 మేలో ఆర్థికమంత్రి అయిన ఫెర్నాండో హెన్రిక్ కార్డోజో, ఆయనతో ఉన్న పెర్సియో అరీదా, ఆండ్రె లారా రెజెండె, ఎద్మార్ బాషా వంటి ఆర్థికవేత్తలు ముందు దీన్నే పట్టుకున్నారు. ప్రభుత్వ ఆదాయంలో ఎక్కువ భాగం రాజ్యాంగం ప్రకారం ఫలానా పద్దుకే అని కట్టేసి ఉండేది. 1994 మొదట్లో రాజ్యాంగ సవరణ తెచ్చి, అందులో 20 శాతాన్ని ఆ కట్ల నుంచి విడిపించారు. పథకం మొత్తాన్ని 1993 డిసెంబరులోనే బహిరంగంగా ప్రకటించారు కూడా. ఇది చిన్న విషయం కాదు. "రేపు స్తంభన వస్తుందట" అన్న పుకారు పుడితే చాలు, ప్రతి వ్యాపారీ ఈరోజే ధర పెంచేస్తాడు. దాపరికం లేకపోతే ఆ పరుగే ఉండదు.

ఇక రియల్ పథకంలో అసలు పనిముట్టు యూఆర్‌వీ, అంటే 'అసలు విలువ యూనిట్'. 1994 మార్చి 1న మొదలైన ఈ యూనిట్‌కు నోటూ లేదు, నాణెమూ లేదు, ఉన్నది లెక్క మాత్రమే. సెంట్రల్ బ్యాంకు రోజూ దాని విలువను ప్రకటించేది, అది దాదాపు ఒక డాలరుకు సమానంగా నడిచేది. మొదటి రోజు ఒక యూఆర్‌వీ అంటే అప్పటి కరెన్సీలో 647.50 క్రుజేరో రియల్స్. మీ ఇంటి అద్దె 100 యూఆర్‌వీలని రాసుకున్నారనుకోండి. మార్చి 1న కట్టాల్సింది 64,750. జులై 1కి అదే అద్దె 2,75,000. కట్టే నోట్ల కుప్ప నాలుగింతలు దాటింది, ఒప్పందంలోని 100 మాత్రం కదల్లేదు. జీతాలను తప్పనిసరిగా యూఆర్‌వీలోకి మార్చారు. మిగతా ఒప్పందాల్లో చాలావాటిని ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకుని మార్చుకున్నాయి. నిన్న పెంచినవాడికీ రేపు పెంచాల్సినవాడికీ మధ్య తేడా అలా నాలుగు నెలల్లో, ధరలు ఆపమనే ఆర్డర్ లేకుండా కరిగిపోయింది. జులై 1న 2,750 క్రుజేరో రియల్స్‌కు ఒక రియల్ చొప్పున కొత్త నోట్లు వచ్చాయి. 100 యూఆర్‌వీల అద్దె అంటే ఇప్పుడు 100 రియల్స్. ఎవరూ కొత్తగా లెక్క వేసుకోనక్కర్లేదు.

యూఆర్‌వీని నోటుగా వదలకపోవడం యాదృచ్ఛికం కాదు. 1946లో హంగరీ ఇలాగే పన్నుల లెక్క కోసం ఒక సూచీ యూనిట్ (ధరలు పెరిగేకొద్దీ విలువ సవరించే లెక్క) పెట్టి, తర్వాత దాన్నే డబ్బుగా చలామణీలోకి వదిలింది. పాత డబ్బును జనం ఇంకా వేగంగా వదిలించుకున్నారు, చివరికి ఆ యూనిట్ కూడా ధరల మంటలో కాలిపోయింది. పాత డబ్బుకూ కొత్త డబ్బుకూ మధ్య ఇలాంటి వంతెన మీద ఎక్కువ రోజులు నిలబడకూడదు. బ్రెజిల్‌లో కూడా ఆ నాలుగు నెలల్లో పాత కరెన్సీ ద్రవ్యోల్బణం ఇంకా పెరిగి, జూన్‌లో 47 శాతం దాటింది. జులైలో 7 శాతం లోపుకు, ఆగస్టులో 2 శాతం లోపుకు పడింది. 1993లో ఏడాదికి 2,400 శాతం పైన ఉన్నది, 1996కల్లా 10 లోపుకు వచ్చింది.

దీని ఖర్చు మాత్రం తక్కువేమీ కాదు, అది కూడా చెప్పాలి. రియల్‌ను నిలబెట్టడానికి సెంట్రల్ బ్యాంకు చేతిలో అప్పటికే 40 బిలియన్ డాలర్ల దాకా నిల్వలున్నాయి. అవి లేని దేశం ఇదే దారి పడితే మొదటి నెలలోనే దెబ్బతింటుంది. వడ్డీరేట్లను ఏళ్ల తరబడి ఎత్తులోనే ఉంచాల్సి వచ్చింది, ఆ భారం ఉద్యోగాల మీదా ప్రభుత్వ అప్పు మీదా పడింది. జనం ఖాతాల్లో ఊరికే పడి ఉన్న డబ్బు మీద అప్పటిదాకా బ్యాంకులు బాగా సంపాదించేవి. ధరలు ఆగగానే ఆ ఆదాయం ఎండిపోయి, పెద్ద బ్యాంకులు కూడా కూలాయి. వాటి కోసం 1995 నవంబరులో ప్రత్యేక పథకం పెట్టాల్సి వచ్చింది. కరెన్సీని డాలరుకు దగ్గరగా కట్టి ఉంచడం కూడా ఎక్కువకాలం సాగలేదు. 1999 జనవరిలో కట్టు తెగి, మార్చిలో వడ్డీరేటు 45 శాతానికి వెళ్లింది. అయినా పాత ద్రవ్యోల్బణం తిరిగి రాలేదు. 2000 మేలో వచ్చిన ద్రవ్య బాధ్యత చట్టం రాష్ట్రాల, నగరాల ఖర్చుకు కూడా పగ్గాలు వేసింది. నా దృష్టిలో యూఆర్‌వీకి వచ్చినంత పేరు ఈ చట్టానికీ రావాలి.

ఈ పద్ధతి ప్రతి దేశానికీ సరిపోతుందా అంటే, సరిపోదు. జనం ఇంకా సొంత కరెన్సీలోనే జీతం, అద్దె మాట్లాడుకుంటున్నచోటే సూచీ యూనిట్‌కు పని ఉంటుంది. జింబాబ్వేలో 2007లో ధరలను సగానికి తగ్గించాలని ఆర్డర్ వేస్తే కొట్లు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత జనమే డాలర్లలో లెక్క మొదలుపెట్టేశారు. 2009లో ప్రభుత్వం దాన్నే చట్టబద్ధం చేసింది, ధరలు ఆగాయి. కానీ అమెరికా డాలరు నోట్లయితే వచ్చాయి గానీ సెంట్ల నాణేలు సరిపడా రాలేదు. చిల్లర బదులు చాక్లెట్లో చీటీలో చేతిలో పెట్టేవాళ్లు. సొంత చిల్లర నాణేలు వచ్చేసరికి 2014 డిసెంబరు అయింది.